పెడన నుంచి బందరు దాకా సగం పాట

బావా శేషూ,

బాగున్నావా? నువ్వు వెళ్ళి ఏడాది దాటింది. మొన్ననే నీ సంవత్సరీకం కూడా అయింది... గారెలు బ్రహ్మాండంగా కుదిరాయి. నీ వాటా నేనే తిన్నాను, క్షమించు. గోడ మీద పెట్టిన ముద్ద కాకులు తిన్నాయి. వాటిలో నువ్వెవరో పోల్చుకోలేకపోయాను. ఒక కాకి మాత్రం తల ముందుకీ వెనక్కీ ఊపుకుంటూ, లయ తప్పకుండా తింది. ఎందుకైనా మంచిదని దానికే దణ్ణం పెట్టాను.

ఇక లోకవార్తలు. గుడివాడ నుంచి బందరు పాసింజరు యథావిధిగా ఆలస్యంగా నడుస్తోంది. నేనూ అదే బండిలో, అదే కిటికీ పక్కన, యథావిధిగా. అప్పుడు కాలేజీకి, ఇప్పుడు ఉద్యోగానికి. బందరులో ఒక లాయరు గారి దగ్గర దావాలు టైపు చేస్తున్నాను. మన డిగ్రీకీ ఈ పనికీ ఏమిటి సంబంధం అని అడక్కు. నీ పాటలకీ పెడనకీ ఉన్న సంబంధమే. ఉంది... చెప్పమంటే చెప్పలేం.

పెడనలో బండి ఆగినప్పుడు ఇప్పటికీ కొంచెం లోపలికి జరుగుతాను. ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు. అది ఫలానావారి సీటండీ అని ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

మొదటి రోజు గుర్తుందా? పరిచయం లేదు, పలకరింపు లేదు. ఎక్కావు, కూర్చున్నావు, నా కుడి చెవిలో ఇయర్‌ఫోను కుక్కావు. "ఎక్కడెక్కావ్? గుడివాడా? సరే గుడివాడా, ఎడమది నాది, కుడిది నీది. మాట్లాడకు." అంతే. ఆ రోజు నుంచి నా పేరు గుడివాడ. తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టుకున్న పేరు మా ఇంటి గేటు లోపలే ఉండిపోయింది.

ఎవరు పాడుతున్నారో, ఏ దేశమో, ఏ కాలమో... అడిగితే నీకు కోపం. "అన్నం తినేటప్పుడు బియ్యం ఏ ఊరివని అడుగుతావా?" అనేవాడివి. అడుగుతాను బావా. మాది గుడివాడ. మేం అడిగే తింటాం.

అడగ్గా అడగ్గా, నువ్వు వినే మూడు రకాల సంగీతాలకీ నువ్వు సెలవిచ్చిన నిర్వచనాలు మూడు. "సోల్ అంటే ఏడుపు కాదురా. ఏడుపంతా అయిపోయాక మొహం కడుక్కొచ్చి పాడే పాట." "జాజ్ అంటే దారి బాగా తెలిసినవాడు కావాలని సందులోకి తిరగడం." హౌస్ అనే ఆ డాన్సు సంగీతం గురించి అయితే, "మా అమ్మ పనిచేసే అద్దకం షెడ్డు చూశావుగా? అచ్చు మీద గుద్దు, గుద్దు, గుద్దు, గుద్దు... మధ్యలో ఎవరో ఒకావిడ కూనిరాగం తీస్తుంది. అదే హౌస్. పెడన వాళ్ళం, మాకు కొత్తేం కాదు."

నవ్వాను అప్పుడు. ఇప్పుడు కలంకారీ బట్ట ఎక్కడ కనిపించినా ఆ పువ్వుల వరస నాకు వినిపిస్తుంది. ఇదేం రోగమో!

నా ఇష్టాలు కూడా ఏర్పడ్డాయి బావా. విని నవ్వుకో. డ్రమ్ముల మీద కర్రలతో కాకుండా పుల్లల కుచ్చుతో రాస్తారే, చేటలో బియ్యం చెరిగినట్టు... ఆ జాజ్ పాట పొద్దున్నే కావాలి నాకు. కాఫీ లేకపోయినా ఫర్వాలేదు. సోల్‌లో ఆ భార్యాభర్తల పాట, ఒకరి మాట మీద ఒకరు పడిపోతూ పాడేది. పోట్లాటో సరసమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. హౌస్‌లో మాత్రం ఒకటే. నాగాయలంక పాట.

నాగాయలంక పాట అని నేనే పేరు పెట్టుకున్నాను. నాగాయలంకలో ఆ పెళ్ళి మర్చిపోయావా? అవనిగడ్డలో సౌండు బాక్సులు అద్దెకిచ్చే మీ మావయ్య, ఊరేగింపు మధ్యలో, కాసేపు చూసుకోరా అల్లుడూ అని నీకు అప్పజెప్పి టీకి వెళ్ళాడు. అంత నమ్మకం ఎలా పెట్టుకున్నాడో పాపం. ఆయన అటు వెళ్ళగానే నువ్వు హౌస్ పెట్టావు. దివిసీమ చరిత్రలో అదే మొదటిసారి అయి ఉంటుంది.

గుద్దు, గుద్దు, గుద్దు, గుద్దు. పెళ్ళికొడుకు స్నేహితులు చేతులు పైకెత్తి అలాగే నిలబడిపోయారు, మాట వస్తే గంతేద్దామని. మాట రాదే! అరుగు మీద కుర్చీ వేసుకున్న పెద్దాయన, పాట ఎప్పుడు మొదలెడతావు బాబూ, అన్నాడు. "ఇదేనండీ పాట" అన్నావు వినయంగా. ఇది దరువు నాయనా, పాటేదీ, అన్నాడాయన. "వస్తుందండీ... వస్తోంది... అదిగో." సరిగ్గా ఆ గొంతు వచ్చే ముందు మీ మావయ్య టీ గ్లాసుతో పరిగెత్తుకొచ్చి వైరు పీకేశాడు.

"ఒక్క నిమిషం ఆగితే వచ్చేది మావయ్యా!"

ఆ పెద్దాయన ఇంకా ఎదురుచూస్తూనే ఉంటాడా బావా? వస్తుందన్నాడు కదా కుర్రాడు, అని...

మన పాటలకి మొదట్నించీ ఇదే గ్రహపాటు. ఏదీ చివరిదాకా సాగలేదు. ఆ పొడుగు జాజ్ పాటే తీసుకో. శాక్సఫోను ఆయన అరగంట ఊదుతాడు. పెడన నుంచి బందరు పావుగంట. బందరు తర్వాత పట్టాలే లేవు, సముద్రం ఉంది. దిగక తప్పదు. మర్నాడు ఆపిన చోటి నుంచి పెట్టవయ్యా అంటే వినవు. "పాటని నడుము దగ్గర పట్టుకుని లేపకూడదు. మొదట్నించే." పోనీ ఇంటికెళ్ళి నేనొక్కడినే వింటానంటే ఒట్టు వేయించుకున్నావు. "ఆ చివర నాతోనే వినాలి. నీ మొహం ఎలా అవుతుందో నేను చూడాలి."

ఇప్పటికీ వినలేదు. పాట నా ఫోనులోనే ఉంది. రోజూ పెడనలో పెడతాను. బందరులో ఆపుతాను. ఇదేం మూర్ఖత్వం అని నువ్వే తిడతావు. తిట్టు. ఒట్టు వేయించుకున్నది నువ్వేగా.

జ్వరమేగా అన్నావు. వారంలో వచ్చేస్తాను, సీటు పట్టు, అన్నావు. పట్టాను బావా...

సరే. అసలు రాయాల్సింది ఇంకా రాయలేదు. చుట్టూ తిరుగుతున్నాను, మీ జాజ్ వాళ్ళలాగే.

సంవత్సరీకం నాడు భోజనాలయ్యాక అందరూ వెళ్ళిపోయారు. మీ అమ్మ నన్ను ఉండమంది. బీరువా తెరిచి ఒక ఓణీ తీసింది. ఎరుపు నేల మీద చిన్న నల్ల లతలు. తనే అద్దింది. షెడ్డు యజమానిని అడిగి, పని అయిపోయాక ఉండిపోయి, విడిగా అద్దిందిట. అంచు దగ్గర అచ్చుకీ అచ్చుకీ మధ్య వెంట్రుకంత సందు కూడా లేదు.

ఆ పిల్ల ఎవర్రా, అంది.

ఏ పిల్ల అత్తయ్యా, అన్నాను.

దాచకు, నాకు తెలుసులే, అంది. ఒకావిడ ఉందమ్మా, ఒకరోజు నీకు పరిచయం చేస్తాను అన్నావట నువ్వు. చెవుల్లో అవి పెట్టుకుని కళ్ళు మూసుకుని నవ్వుకునేవాడివట. ఇప్పుడు, ఇప్పుడు, అని వేలెత్తేవాడివట. ఫోనులో ఆ పిల్ల ఏదో చెప్తుంటే మురిసిపోతున్నావనుకుందిట మీ అమ్మ. పలకరించడానికి వస్తుందని ఏడాదంతా చూసింది. రాలేదు. వాళ్ళింట్లో రానివ్వలేదేమో, అని తనే సర్దుకుంది. ఓణీ మాత్రం అద్ది ఉంచింది. నువ్వు తీసుకెళ్ళి ఇచ్చెయ్యి, నా పేరు చెప్పొద్దులే, అంది.

నీ మీద ఎంత కోపం వచ్చిందో తెలుసా? నీ వేళాకోళాలు నీతో తీసుకెళ్ళాలి కదా. ఇలా మా నెత్తిన వదిలి వెళ్తే ఎలా?

ఆ ఒకావిడ ఎవరో నాకు తెలుసు. నేను ఏడుపావిడ అని పేరు పెట్టి నీచేత తిట్లు తిన్న ఆ సోల్ గాయని. మనం పుట్టకముందే పోయిన మనిషి. మన సముద్రం కాదు, ఇంకో సముద్రం అవతల.

అబద్ధం నోటి చివరిదాకా వచ్చింది బావా. అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగంలో చేరింది, ఓణీ అందజేస్తాను, అని చెప్పేద్దామనుకున్నాను. రోజూ దావాలు టైపు చేసేవాణ్ణి, ఆ మాత్రం కల్పించలేనా? ఈలోగా మీ అమ్మ, ఆ పిల్ల కూడా ఎక్కడో ఒకచోట వాడి కోసం ఏడ్చే ఉంటుంది కదరా, అంది.

అక్కడ నా తెలివంతా ఆగిపోయింది. తనకి కావలసింది కోడలు కాదు. తనతో పాటు ఏడ్చే ఇంకో మనిషి.

చెప్పేశాను. పిల్ల లేదత్తయ్యా, పాట... అన్నాను.

మీ అమ్మ ఓణీ మడత పెట్టింది. మళ్ళీ విప్పింది. మళ్ళీ పెట్టింది. నువ్వు ఉంటే ఏదో ఒక వెధవ జోకు వేసేవాడివి. నాకు ఒక్కటీ తట్టలేదు. నాకు! నమ్ముతావా?

చివరికి, సరే, పరిచయం చేస్తానన్నాడు కదా, చెయ్యి మరి, అంది.

ఇయర్‌ఫోను తీశాను, ఎడమది నాకు, కుడిది తనకి. కాదంది. వాడిది ఏ చెవి, అని అడిగి ఎడమది తనే తీసుకుంది.

ఏడుపావిడ మొదలెట్టింది. కాసేపు విని మీ అమ్మ, ఇది చిన్నపిల్ల గొంతు కాదురా, పిల్లల్ని కన్న గొంతు, అంది. ఇప్పుడు ఎక్కడుంటుంది, అంది. ఎప్పుడో పోయిందత్తయ్యా, అన్నాను. అయ్యో, ఈవిడ కూడానా... అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బావా, నీ మీద ఒట్టు, ఆవిడ పోయిన కబురు అప్పుడే తెలిసినంత బాధపడింది. ఏ దేశంలోనూ ఎవరూ ఇంత ఆలస్యంగా, ఇంత నిజంగా ఆవిడకి సంతాపం చెప్పి ఉండరు.

నువ్వు వేలెత్తే చోటు వచ్చింది. "ఆగు... ఇదిగో... ఇప్పుడు" అనేవాడివి. అన్నేళ్ళు విన్నాను, అక్కడ ఏముందో నాకు ఒక్కసారీ దొరకలేదు. దొరికినట్టు తల ఊపేవాణ్ణి. మీ అమ్మ మళ్ళీ పెట్టమంది. మళ్ళీ పెట్టాను. ఇక్కడ చూడు, అంది. పాడబోయి ఊపిరి తీసుకుంది. ఏదో చెప్పాలనుకుని, అది మింగేసి, తర్వాతది పాడింది, అంది.

అదేనా బావా? నువ్వు వేలెత్తింది ఆ ఊపిరికేనా? ఇంకేదైనానా?

అడిగి ఉండాల్సింది. నువ్వున్నప్పుడు ఒక్కసారి... ఏమిట్రా అక్కడ, నాకు వినబడ్డం లేదు, అని ఒక్క మాట. నువ్వూ మీ అమ్మకి ఒక్క చెవి ఇచ్చి ఉండాల్సింది. ఇంట్లోనే కదా ఉంది. పెడనలో ఎక్కి బందరులో దిగే నాకు ఇచ్చావు, పక్క గదిలో ఉన్న మనిషికి ఒకరోజు, ఒకరోజు అన్నావు.

ఓణీ ఏమైందంటావా? నీ మంచం దగ్గర, మావయ్య నీకిచ్చిన పాత సౌండు బాక్సు ఉంది కదా. దాని దుమ్ము దులిపి, ఓణీ దాని మీద కప్పింది. ఆవిడ కోసం అద్దింది, ఆవిడ ఉండే చోటే ఉండనీ, అంది. అంచు సరిగ్గా రాలేదని రెండుసార్లు లాగి సర్దింది కూడా.

నేను బయల్దేరుతుంటే, మిగతావి ఎప్పుడు వినిపిస్తావు, అంది. మన ఒట్టు సంగతి చెప్పాను. అరగంట పాట, పావుగంట దారి, బందరు రాగానే దిగిపోవడం, అంతా. మీ అమ్మ నా వైపు అదోలా చూసింది. బందరులో ఆ బండి ఏమవుతుందిరా, అంది. కాసేపు ఆగి మళ్ళీ గుడివాడ వెళ్తుందత్తయ్యా, అన్నాను.

మరి దిగడం ఎందుకూ, అంది.

బావా... అన్నేళ్ళు. ఇద్దరం డిగ్రీలు. మనకి ఒక్కరోజన్నా తట్టిందా? కూర్చుంటే సరిపోయేది. మొదటి క్లాసు పోయేది, పోతే పోయేది. ఆ క్లాసులో ఏం చెప్పారో ఇప్పుడు ఒక్క ముక్క గుర్తులేదు.

వచ్చే ఆదివారం పొద్దున్న పెడనలో మీ అమ్మ ఎక్కుతుంది. పులిహోర తెస్తానంది. ఎడమ చెవి ఆవిడది. మొదట్నించే పెడతాను, నడుము దగ్గర పట్టుకుని లేపను. నా మొహం ఎలా అవుతుందో నీ బదులు ఆవిడ చూస్తుంది. ఒట్టు తప్పినట్టు కాదు కదా? అంతకంటే దగ్గర మనిషిని నేను ఎక్కడ తేగలను?

బందరు వస్తుంది. అందరూ దిగుతారు. మేం దిగం.

నీ
గుడివాడ