నేల తగలని ప్లేటు

ఫిబ్రవరి 5, 1996

స్టేట్ మీట్‌కి సెలెక్టయ్యాను! మెడికల్ ఫిట్‌నెస్ ఒక్కటే మిగిలింది. ఆడపిల్ల వెయిట్లు ఎత్తడమేమిటని నవ్విన చోడవరం ఇప్పుడు మొహం ఎక్కడ పెట్టుకుంటుందో చూడాలి.

ఫిబ్రవరి 7

అన్‌ఫిట్ అట. నేను!

కోచ్ గౌరీశంకర్ మాస్టారూ నేనూ అనకాపల్లిలో బార్‌కి తొడిగే కొత్త ఇరవై కిలోల ప్లేటు కొని, బస్సు దిగి నేరుగా డాక్టర్ రూపాదేవి దగ్గరికి వెళ్లాం. కొట్లోనే పసుపు రాసి మొక్కిన ఇనుము, చెప్పులు తిరిగే నేల మీద పెట్టకూడదని మాస్టారి పట్టుదల. కుడిచేత్తో వేలాడదీసుకునే కూర్చున్నాను. జనం తోసుకొస్తున్నారు. ఆవిడ నా ఎడమచేతికి పట్టీ చుట్టి, మొహమైనా చూడకుండా, బీపీ నూట ఎనభై రెండు, ఇక బరువులు వద్దంది.

ఫిబ్రవరి 8

ఉప్పు లేని పప్పు. అమ్మకి బీపీ అంటే పక్షవాతమే, మామయ్య అలాగే మంచాన పడ్డాడు. ఒసే, నువ్వు పడిపోతే నానేటి సేసేది అని ఏడ్చింది. గోవాడ ఫ్యాక్టరీ బళ్ల మీదకి రోజూ చెరకు మోపులు ఎత్తే మనిషి నాకు చెబుతోంది! ఒళ్లు మండింది.

ఫిబ్రవరి 9

మానను.

ఫిబ్రవరి 10, పొద్దున

నూతి దగ్గర నిండు బకెట్టు పట్టుకుని నిలబడ్డాను. చెయ్యి బిగుసుకుంది, ఊపిరి దానంతటదే ఆగింది, గుండె చెవుల్లో కొట్టుకుంది. దించాను. కాసేపటికి అంతా సర్దుకుంది.

ప్లేటు! ఆరోజు నా చేతిలో ప్లేటుంది!

మాస్టారి పుస్తకంలోనూ ఉంది. కండ బిగిస్తే రక్తనాళాలు నొక్కుకుపోయి ప్రెషర్ లేస్తుంది, వదిలేస్తే దిగుతుంది. ఇది రోగమెలా అవుతుంది?

ఫిబ్రవరి 12

అమ్మని డాక్టర్ దగ్గరికి లాక్కెళ్లాను. మాస్టారు మొక్కిన ఇనుము, కింద పెట్టకూడదని చెప్పి ప్లేటు అమ్మ చేతికిచ్చాను. ఖాళీ చేతులతో నాకు నూట పద్దెనిమిది. డాక్టర్ మిషన్ని అనుమానంగా చూసింది. అయితే అమ్మకి చూడమన్నాను. నూట తొంభై! అమ్మోయ్, నాకూ వచ్చీసిందేటి అని అమ్మ లబోదిబోమంది. ప్లేటు నేను తీసుకున్నాను. కాసేపాగి అమ్మకి మళ్లీ చూస్తే నూట ముప్ఫై.

డాక్టర్ ప్లేటు వైపు చూసి, తల పట్టుకుని, నవ్వేసింది. ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకుండా వదలమని చెప్పి సంతకం పెట్టింది. ప్లేటు పెట్టుకోమని తన కుర్చీ ఇచ్చింది.

ఫిబ్రవరి 13

పప్పులో ఉప్పు ఎక్కువైంది. వడ్డిస్తూ అమ్మ అడిగింది, ఆ పోటీల్లో తన వయసోళ్లకి బరువులుండవేటి అని.