వాసన తెలియని రోజుల్లో వింటర్ సేవరీ

మార్చి 3
జ్వరం తగ్గి నెల దాటింది. వాసన మాత్రం తిరిగి రాలేదు. హాస్పిటల్ క్యాంటీన్‌లో వంట చేసేదాన్ని, ముక్కు పనిచేయడం లేదని ఎవరితో చెప్పుకోను? ఇవాళ బీన్స్ కూర మాడిపోయింది. పక్కనే ఉన్నా నాకు తెలియలేదు. హెడ్ కుక్ పరుగెత్తుకొచ్చి స్టవ్ కట్టేశాడు. ధ్యాస ఎక్కడ పెట్టావమ్మా అని అరిచాడు. తలనొప్పి అని బొంకాను.

మార్చి 9
వదినకి చెప్పేశాను. ఆవిడ నర్సరీలో పనిచేస్తుంది. వేళ్లు పట్టిన వింటర్ సేవరీ కొమ్మని చిన్న కుండీలో తెచ్చి చేతిలో పెట్టింది. వంటల్లో వేసే ఆకేనట. రోజూ నలిపి వాసన చూడు, వచ్చినప్పుడే వస్తుంది అంది. ఎండ బాగా కావాలట, నీళ్లు తక్కువట, ఎరువు అసలే వద్దట. ఇది మొక్కా, సన్యాసా అంటే నవ్వింది.

మార్చి 10
నలిపాను. ఏమీ లేదు.

మార్చి 11
ఏమీ లేదు.

ఏప్రిల్ 2
ఆకులు పసుపెక్కాయి. దిగులు పుట్టినప్పుడల్లా నీళ్లు పోశాను మరి. వదిన వచ్చి కుండీ బోర్లించింది. కుళ్లిన వేళ్లు కత్తిరించి, ఇసుక కలిపిన మట్టిలో మళ్లీ నాటింది. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

జూన్ 14
కొత్త చిగుళ్లు! కొసలు తుంచితే గుబురుగా పెరుగుతుందట. తుంచిన ఆకు ఊరికే నోట్లో వేసుకున్నాను. మిరియం కొరికినట్టు నాలుక చురుక్కుమంది. వాసన కాదు, రుచీ కాదు. అయినా ఇన్ని నెలల తర్వాత నోటికి ఏదో తెలిసింది. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

జూన్ 20
నిన్న పులిసిన పాలు పేషెంట్ల సూప్‌లో పోయబోయాను. హెడ్ కుక్ చూశాడు కాబట్టి సరిపోయింది. ఇవాళ ఆయనకి నిజం చెప్పేశాను, ఉద్యోగం పోతే పోయిందని. ఆయన తలుపు వేసొచ్చి, తనకి ఎడమ చెవి వినపడదన్నాడు. పదకొండేళ్లుగా. అందుకే అంతలా అరుస్తాడట. మేమంతా కోపం అనుకున్నాం! ఇకమీదట వాసనలు నేను చూస్తాను, కుక్కర్ విజిల్స్ నువ్వు లెక్కపెట్టు అన్నాడు.

సెప్టెంబర్ 5
బీన్స్‌లో మా సేవరీ వేశాను. పేషెంట్లు మారు వడ్డించమన్నారట. ఎలాంటి వాసన అని హెడ్ కుక్‌ని అడిగాను. కళ్లు మూసుకుని ఆలోచించాడు. అప్పుడే చెక్కిన పెన్సిల్, కాసిని మిరియాలు అన్నాడు.

నవంబర్ 18, ఉదయం 6
బస్సులో పక్కావిడ స్వెటర్ తడిసి ఉంది. బాబోయ్, ఎంత కంపో! నా స్టాప్ వచ్చింది. దిగలేదు.