బానెట్ మీద చెయ్యి

మెదక్,
2 నవంబర్ 2011

చిరంజీవి భాగ్యను తాత మనసారా దీవించి రాసేది. ఇక్కడ నేను, మీ బాపమ్మ యాదవ్వ, మన ముసలి అంబాసిడర్, ముగ్గురం కులాసా. ముగ్గురిలో ఎక్కువ పొగ ఎవరు వదులుతారో పేరు రాస్తే నాకు ఈ పూట అన్నం పుట్టదు. సమ్మె అయిపోయింది, బస్సులు తిరుగుతున్నాయి. మీ హాస్టల్‌లో పప్పు నీళ్లలా ఉందని రాశావు. దాంట్లో మొహం చూసుకుని జడ వేసుకో, అద్దం ఖర్చు తప్పుతుంది.

ఇక నీ ప్రశ్న. ఇప్పటిదాకా లోకంలో వచ్చిన కార్ల ఇంజన్లలో అన్నిటికన్నా గొప్పది ఏదని మీ కాలేజీ పిల్లలు కొట్లాడుకుంటున్నారన్నావు. జర్మనీవి, జపాన్‌వి ఏవేవో పేర్లు రాశావు. అవి పలకబోతే నా పళ్ల సెట్టు ఊడి ఒళ్లో పడింది. నేను చూసినవాటిలోంచే చెప్తా.

మధ్యాహ్నం అన్నం తిని కారు ముందు సీటులో ఒరుగుతాను. తాళం తిప్పకుండానే ఇంజన్లు వచ్చేస్తాయి. ముందు జీపు, రామాయంపేట తొవ్వ దుమ్ములోంచి, బిందెలో రాళ్లు పోసి ఊపినట్టు. దాని వెనుక ఫియట్, వాన వెలిసినాక తూప్రాన్ దగ్గర తడి రోడ్డు మీద, పట్టుచీర కట్టుకున్న మనిషి నడిచి వస్తున్నట్టు. తర్వాత మారుతి. అది మెదక్‌కు కొత్తగా వచ్చినప్పుడు బానెట్ ఎత్తి మరీ చూశాను, లోపల ఇంజన్ ఉందా, బట్టలు కుట్టే దర్జీ కూర్చున్నాడా అని. కళ్లు మూసుకుంటే చాలు, మన చర్చి గోపురం మీది పావురాల్లా అన్నీ ఒక్కసారి లేస్తాయి, ఒక చుట్టు తిరిగి మళ్లీ వచ్చి వాలతాయి.

ఒకప్పుడైతే మారుతికే మొదటి నంబర్ వేసేవాణ్ణి. ఇప్పుడు అంబాసిడర్ డీజిల్‌కు వేస్తున్నా. ఎందుకో చెప్పాలంటే సమ్మెలో జరిగిన ముచ్చట చెప్పాలి.

రామాయంపేట దగ్గర రాస్తారోకో చేసి రోడ్డు మీదే వంటలు పెట్టారు. బండ్లన్నీ ఆగిపోయాయి, మనది కూడా. అన్నం ఉడికేదాకా ఏం చేయాలని డ్రైవర్లు పందెం కట్టారు. మనవైపు పాత కారు కొనేవాళ్లు ముందు నా దగ్గరికి తెచ్చి ఇంజన్ వినిపించడం నీకు తెలిసిందే కదా. నేను తీసుకోమంటే తీసుకుంటారు, వద్దంటే వదిలేస్తారు. అందుకని నా కళ్లకు తువ్వాల కట్టి ఒక బండి ముందు నిలబెట్టారు.

"ఎల్లం కాకా, గిది ఏం బండో చెప్పు!" అని ఒకడు నా చెవి దగ్గర అరిచాడు.

నేను మెల్లగా బానెట్ మీద చెయ్యి వేశాను.

"చెయ్యి తియ్యి, దొంగ ముసలోడా! చెవితోనే చెప్పాలె!"

తీశాను. "గొంతు ఇంటె తెలుస్తలేదారా? అంబాసిడర్ డీజిల్. మస్తు నడుస్తుంది" అన్నాను.

తువ్వాల విప్పేసరికి అందరి నోళ్లూ తెరుచుకుని ఉన్నాయి. డ్రైవర్ తాళంచెవి నా ముక్కు ముందు ఊపుతున్నాడు. "ఇంజన్ స్టార్టే చెయ్యలే కాకా!" నేను కావాలనే మజాక్ చేశాననుకున్నారు. నేను కూడా వాళ్లతో నవ్వాను.

భాగ్యా, నాకు చెవులు పోయాయి. ఫోన్‌కు ఎందుకు రావడం లేదని అడిగావు, ఇందుకే. పక్కన నిలబడి అరిస్తే మాట అందుతుంది. ఇంజన్ మాత్రం అందదు. ఆ రోజు బానెట్ వంపు తగిలిందో లేదో చెయ్యి తీయించారు, మిగతాది ఊహించి చెప్పాను. డీజిల్ అయితే అరచేతిలో పలుకుతుంది, మోచేతిదాకా వస్తుంది. అందుకే దానికి మొదటి నంబర్. మారుతి మెత్తనిది, నా చేతికి చిక్కదు.

ఇప్పుడు హవేలిఘనపూర్ బిక్షపతి పొలం అమ్మి, పాత మారుతి కొని కిరాయికి తిప్పుదామనుకుంటున్నాడు. వచ్చే వారం ఆదివారం కారు తెస్తాడు. నా మాట మీదే కొంటాడు. వాడికి నిజం చెప్పాను.

"నాకు ఇనొస్తలేదురా బిక్షపతీ."

"నీ ఏషాలు నాకాడ కాదు కాకా!" అని నా చెవిలో అరిచి, నవ్వుకుంటూ పోయాడు.

మీ బాపమ్మకు చెప్పాను. "నేను తిట్టంగ మంచిగనే మూతి ముడుస్తవు గద?" అంది. ఆమె తిట్లు నాకు కంఠతా వచ్చు, పెదవి కదిలితే చాలు. ఇన్నేళ్లు అందరినీ ఆటపట్టించాను కదా, నిజం చెప్తే ఇది కూడా ఆటే అనుకుంటున్నారు.

పాడైన ఇంజన్‌కు నేను తల ఊపితే వాడి పొలం పోయినట్టే. అందుకని ముందు రోజే బస్సెక్కు. చదువుకున్నావని పిలవడం లేదు. చిన్నప్పుడు నా ఒళ్లో కూర్చుని, "తాతా, బండి దగ్గుతుంది" అని నాకన్నా ముందే చెప్పావు. ఆదివారం ఆ కారు ముందు నిలబడి నువ్వే విను. తీసుకోవాలో వద్దో బిక్షపతికి నువ్వే చెప్పు. నేను నీ పక్కన నోరు మూసుకుని నిలబడతా. నేను అట్లా నిలబడడం మన ఊళ్లో ఇంతవరకు ఎవరూ చూడలేదు. అది చూస్తేనే వీళ్లు నమ్ముతారు.

ఇట్లు,
నువ్వైనా నమ్ముతావనుకునే
మీ తాత, ఎల్లం