కలవని దవడలు, అలిగిన వియ్యంకులు

దంత వైద్యశాల పర్యవేక్షకులవారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా పై దవడకు, కింది దవడకు మధ్య రాజీ కుదుర్చుట గురించి.

దర్జీ పని చేసుకొను నేను మనవి చేసుకొనునది ఏమనగా:

1. నా కింది దవడ చిన్ననాటి నుండి ముందుకు పొడుచుకు వచ్చి ఉన్నది. పళ్ళకు తీగలు కట్టు డాక్టరుగారు, ఎముక కోయు డాక్టరుగారు కలిసి సరిచేయుదురనగా నమ్మితిని. మొదట పళ్ళను వాటి ఎముక మీద నిటారుగా నిలబెట్టవలెననియు, అందువల్ల కొన్నాళ్ళు పై పళ్ళకు, కింది పళ్ళకు మధ్య ఎడం పెరుగుననియు, పిదప ఎముక కోసి వెనక్కి జరుపుదురనియు తీగల డాక్టరుగారు సెలవిచ్చిరి. ఎడం పెరుగుట వరకు బ్రహ్మాండముగా జరిగినది. మునుపు పళ్ళతో దారం తెంపేవాణ్ణి. ఇప్పుడు ఆ సందులో దారపు రీలే పట్టును.

2. మిగతా సగము ఆగిపోయినది. లోపం ఎముకలో లేదు. సదరు డాక్టర్లు ఇద్దరూ వియ్యంకులు. పెళ్ళిలో తనను చెయ్యి పట్టుకుని భోజనానికి పిలవలేదని మగపెళ్ళివారైన తీగల డాక్టరుగారు అలిగిరి. నాటి నుండి మాటలు లేవు. గదులు మాత్రం ఎదురెదురు.

3. ఇద్దరూ కూర్చుని కొలతలు చూసుకుంటే గాని కోత లేదట. నా పళ్ళ అచ్చులు చేతబట్టుకుని ఈ గడపకూ ఆ గడపకూ తిరుగుతున్నాను. "పళ్ళు సిద్ధమైతే ఆయన్నే వచ్చి చెప్పమను" అని ఒకరు. "మగపెళ్ళివాళ్ళం, మేం వెళ్తామా?" అని ఇంకొకరు. అయ్యా, పెళ్ళి వారిది, పస్తు నాది.

4. కత్తెరతో తెంపుకోరాదా అని తమరు అనవచ్చును. దారం తెంపుకుంటాను, అన్నం ఏం చేయమంటారు? నా భార్య చంటివాడికి మెత్తగా నలిపిన ముద్దే నాకూ పెడుతోంది. నిన్న మా అమ్మాయి "నాన్నకూ ఇంకా పళ్ళు రాలేదా?" అని అడిగింది. నవ్వుదామనుకున్నాను, ఏడుపొచ్చింది.

కావున వారిద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టి నా నోరు మూయించవలసినదిగా ప్రార్థన. భోజనానికి చెయ్యి పట్టుకుని నేనే పిలుస్తాను.

నమలలేనివాని మనవి నెమ్మదిగానైనా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సగం పనైన దర్జీ

తా.క.: అర్జీ మడుస్తుండగా వియ్యంకులిద్దరూ ఒకే కారులో మా కొట్టుకు వచ్చారు. మనవడు పుట్టాడట, బుల్లి చొక్కాలు కుట్టాలట. నన్ను పోల్చుకోలేదు. ఇన్నాళ్ళూ అచ్చులు చూశారు గాని నా మొహం ఎప్పుడు చూశారు గనక. గండం గట్టెక్కిందని సంతోషం పట్టలేక నోరంతా తెరిచాను. ఇద్దరూ వంగి చూసి, ఒక్క గొంతుతో అడిగారు: "అయ్యో, ఈ పళ్ళు ఇలా పాడుచేసిందెవరయ్యా?"