ఏం కూరండీ?

దుర్గక్కా,

మెసేజ్ పెడితే వెంటనే ఫోన్ చేసేస్తావని ఉత్తరం రాస్తున్నాను. డేనియల్ బావని చేసుకుని నువ్వు విశాఖ వెళ్లినప్పటి నుంచి ఇంట్లో నీ పేరెత్తడానికి వీల్లేదు. నాన్న ఇంకా మెత్తబడలేదు.

నువ్వు వదిలేసిన పాత ఫోన్ గుర్తుందా? సిమ్ లేదు, తెర పగిలింది, కొత్త యాప్ ఒక్కటీ ఎక్కదు. నా ఫోన్ నుంచి నెట్ ఇస్తే నువ్వు మాట్లాడే ఇంటర్నెట్ రేడియో మాత్రం ఆగి ఆగి పలుకుతుంది. నాన్న మేత వేయడానికి రొయ్యల చెరువుకి వెళ్లగానే, అమ్మ దాన్ని పోపుల డబ్బాకి ఆనించి, "ఆ రేడియో అమ్మాయిని పెట్టవే" అంటుంది. మొన్న నీ గొంతు బొంగురుపోతే, "మిరియాల పాలు తాగొచ్చుగా" అని పొయ్యివైపు తిరిగి అంది.

నువ్వు రోజూ "ఇవాళ మీ ఇంట్లో ఏం కూరండీ?" అని అడుగుతావు కదా. అమ్మ గరిటె పక్కన పెట్టి మరీ జవాబు చెబుతుంది.

"దానికి వినపడదమ్మా" అన్నాను.

"నాకు తెలుసులేవే, నువ్వు నోరు మూసుకో."

నిన్న "గోంగూర రొయ్యలే తల్లీ, నీకూ కాస్త..." అంటుండగానే నువ్వు పాట వేసేశావు. అమ్మ మళ్లీ గరిటె అందుకుంది.

భీమవరంలో ఈ ఉద్యోగం విసుగొచ్చి ఎక్కడికైనా పోదామనుకుంటాను. పోతే అమ్మకి నెట్ ఎవరిస్తారు?

నిన్ను రమ్మనే ధైర్యం నాకు లేదు. ఆ ప్రశ్న అడిగాక కాస్త ఆగు, చాలు. అమ్మ చెప్పడం అయ్యాక వేద్దువుగాని పాట.

నీ చెల్లి