శనివారం బండి

4వ తేదీ

ప్రియమైన ల్యాబ్ మేడమ్‌కి,

ఫోన్లో మూడో నిమిషానికల్లా మాటా మాటా పెరుగుతుంది కాబట్టి, మనం అనుకున్నట్టే ఉత్తరం రాస్తున్నాను. ఈ శనివారం రాలేకపోయాను. పొద్దున్నే బయల్దేరదామని చూస్తే మన కారు ఎడమవైపు నేలకి ఒరిగిపోయి ఉంది. చక్రం మీద బండి బరువు మోసే గాలి స్ప్రింగు చిరిగిందట. సర్వీస్ సెంటర్ వాళ్ళు చెప్పిన అంకె వింటే మత్తు ఇవ్వకుండా పన్ను పీకినట్టయింది. నా క్లినిక్‌లో కుర్చీ కూడా అంత ఖరీదు కాదు. పైగా జతగా మార్చాలట. పాపకి నచ్చజెప్పు.

నీ పళ్ళ డాక్టరు

8వ తేదీ

ప్రియమైన డాక్టరు గారికి,

పాప మూతి ముడుచుకుని కూర్చుంది, కాసేపటికి తనే లేచి ఆడుకుంది. నాలుగు గంటల దారి, మీకు నడుం నొప్పి అని కదా తాహతుకు మించి అంత పెద్ద బండి కొన్నాం. ప్రతి శనివారం వస్తానన్నారు. మొదట్లో వచ్చారు కూడా.

అసలు సంగతి వేరే ఉంది. మీ ఊళ్ళో ఉన్న మా ఆసుపత్రి శాఖలో ఖాళీ వచ్చింది. వస్తే నా హోదా ఒక మెట్టు తగ్గుతుంది, జీతమూ తగ్గుతుంది. నెలాఖరులోగా ఏదో ఒకటి రాసివ్వాలి. హోదా పోతే పోనివ్వండి, ముగ్గురం ఒకచోట ఉంటాం. రమ్మంటే వచ్చేస్తాను. రమ్మంటారా?

మీ ల్యాబ్ మేడమ్

14వ తేదీ

ప్రియమైన మేడమ్‌కి,

స్ప్రింగులు మార్చారు, ఇప్పుడు గేర్‌బాక్స్ దగ్గర ఇంకేదో తేలింది. ఆ భాగం విదేశం నుంచి రావాలట, ఓడలో. బండి మనది, పెత్తనం వాళ్ళది. నీ ఉద్యోగం విషయంలో తొందరపడకు. ఈ బండి గొడవ ఒక కొలిక్కి రానీ, తీరిగ్గా కూర్చుని మాట్లాడదాం.

నీ డాక్టరు

19వ తేదీ

ప్రియమైన డాక్టరు గారికి,

బండి ఎలా ఉంది? నెలాఖరుకి ఇంక పదకొండు రోజులే ఉన్నాయి. నేను అడిగినదానికి మీరు అవుననలేదు, కాదనలేదు.

మీ ల్యాబ్ మేడమ్

24వ తేదీ

ప్రియమైన మేడమ్‌కి,

నిన్న కూడా వెళ్ళి చూసొచ్చాను. పైకెత్తి పెట్టారు, కింద నూనె కారుతోంది. ఈ శనివారం కూడా కుదరదు. పాపకి ముద్దులు.

నీ డాక్టరు

30వ తేదీ

డాక్టరు గారికి,

కొనేటప్పుడు, ఆడవాళ్ళ పేరున అయితే రోడ్డు పన్ను తగ్గుతుందని బండి నా పేరున రాయించారు. సర్వీస్ సెంటర్ నుంచి కబురు వచ్చేది యజమాని ఫోన్‌కే. ఆ సంగతి మీకు తట్టలేదు. 'మీ బండి సిద్ధంగా ఉంది, తీసుకెళ్ళండి' అని మొదటిసారి పదమూడో తేదీన వచ్చింది. మర్నాడు మీరు ఓడ గురించి రాశారు. మీ అంతట మీరే నిజం చెప్తారేమోనని మళ్ళీ అడిగాను. ఈసారి నూనె కార్పించారు.

మంగళవారం సెలవు పెట్టి మీ ఊరు వచ్చాను. కౌంటర్లో ఆవిడ మొహమాటపడుతూ చెప్పింది. "బిల్లు ఎప్పుడో కట్టేశారు మేడమ్. సారే వచ్చి, ఇంకో వారం ఉంచండి, ఇంకో వారం ఉంచండి అంటున్నారు. రోజుకింత అని అద్దె కూడా కడుతున్నారు."

మమ్మల్ని చూడటానికి కొన్న బండి బాగయ్యాక, చూడకుండా ఉండటానికి అద్దె కట్టారు. నాకు కోపం కంటే సిగ్గేసింది. రావద్దని ఒక్క ముక్క రాసి ఉంటే స్టాంపు ఖర్చుతో పోయేది.

కాగితాలు చూపించి బండి తీసుకున్నాను. మీ క్లినిక్ ముందు నుంచే వచ్చాను, ఆగలేదు. నాలుగు గంటలు నేనే నడిపాను. చక్కగా నడిచింది.

ఆసుపత్రికి ఈ రోజు రాసిచ్చాను, రానని. తర్వాత బండిలో కూర్చుని, అద్దాలు ఎత్తేసి, చాలాసేపు ఏడ్చాను.

ఇట్లు,
పాప వాళ్ళమ్మ