ఎర్రగీత కనబడేదాకా

పైకప్పు తోటకు సరిగ్గా కింద, మూడో అంతస్తులో ఉంటున్న నేను, మతి నిలకడగా ఉండగానే, ఎవరి ఒత్తిడీ లేకుండా నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. భయంగా ఉన్న మాట నిజం. భయం వేరు, మతి పోవడం వేరని మందుల షాపాయన కూడా ఒప్పుకున్నాడు.

1. నా ఇల్లు చిన్నకోడలికి. ఈ భవనానికి నక్షా గీసింది ఆమే. నడుమ అందరూ కూర్చునే వాకిలి వదిలి, గాలి అటూ ఇటూ ఆడేలా కిటికీలు పెట్టించి, పైన ఇంటికో కూరమడి కట్టించింది. పెద్దకోడలు అలగకూడదు, నా గాజులు ఆమెకే.

2. పిట్టగోడకు లోపల చిన్నకోడలు ఎర్రగీత కొట్టించింది. మడుల్లో మట్టి ఎత్తు ఆ గీత దాటితే, అందులోనూ వానకు తడిస్తే, కప్పు మోయలేదని మొదటిరోజే చెప్పింది. అందరూ తలూపారు. ఆ తర్వాత వంటింటి తొక్కలు కుళ్ళబెట్టి, ఎవరి మడికి వాళ్ళు ప్రేమకొద్దీ తట్టెడు తట్టెడు ఎరువు పోశారు. వంకాయలు విరగకాశాయి. గీత మట్టిలోకి పోయింది.

3. నా పడకగది కప్పుకు వెంట్రుకంత చీలిక వచ్చింది. దాని కిందే పెద్దవాడి కూతురు నా పక్కన పడుకుంటుంది. మబ్బు పడితే చాలు, మంచం హాల్లోకి లాగుతాను. చిన్నకోడలు నిచ్చెనెక్కి చూసి మట్టి దించాలంది. పెద్దవాడు నవ్వి, "నీకు వానంటేనే దడ అమ్మా, ఏనుగెక్కినా ఈ కప్పు కదలదు" అన్నాడు. ఏనుగు ఎక్కితే దిగుతుంది నాయనా, మట్టి తనంతట తాను దిగదు.

4. కాబట్టి నా మడి, నా పార పెద్దవాడికి, ఎర్రగీత చుట్టూతా కనబడేదాకా అందరి మట్టీ దింపించిన తర్వాతే. దింపించకపోతే రెండో అంతస్తు నర్సమ్మకు. దించినది గేటు పక్క ఖాళీ జాగాలో పోసి, వాడు ముచ్చటపడే అరటి అక్కడే పెట్టుకోవచ్చు.

5. కప్పు మీది వాననీళ్ళు దిగే గొట్టం మూతిలో ఆకులు తీసే కొంకికర్ర నర్సమ్మకు. నా జల్లెడ ఎప్పటినుంచో ఆవిడ దగ్గరే ఉంది, ఇంక అడగను.

6. వీటిని జరిపించాల్సింది చిన్నకోడలే. బావగారు ఏమనుకుంటారోనని నోరు నొక్కుకుంటావు, నాకు తెలుసు. ఈ కాగితం చదివి వినిపించు. పోయిన ముసలిదాని మీద ఎవరూ అలగరు.

7. నా బూడిద పై మళ్ళలో కలుపుతానని మనవరాలు ముద్దుగా అంది. వద్దు తల్లీ. అదీ బరువే. గేటు పక్కన పోయండి.

జూన్ 9. బయట మబ్బు పట్టింది.

(సంతకం) మూడో అంతస్తు నానమ్మ

సాక్షులు: కింది అంతస్తు దర్జీ
మందుల షాపాయన